పొయ్యి ఎక్కని పిండివంట

‘పై’ అనగానే మీకు ఏమి గుర్తుకొస్తుంది? లెక్కల మాస్టారిని అడిగితే, వృత్తం చుట్టుకొలతను వ్యాసంతో భాగిస్తే వచ్చే సంఖ్య అంటారు. రూపాయికి పదహారు అణాలు చెల్లిన రోజుల్లో అణాలో పన్నెండో వంతు నాణేన్ని కూడా ‘పై’ అనే పిలిచేవారు. ఈ వ్యాసంలోని పై ఆ రెండూ కాదు. ఇది తినేది. పళ్లెంలో పిండితోనో బిస్కెట్ల పొడితోనో గిన్నెలాంటి ఒక గట్టి పొర కట్టి, దాని నడుమ తియ్యటి ముద్ద నింపి, ముక్కలుగా కోసిపెట్టే పాశ్చాత్యుల పిండివంట.

పైని మామూలుగా ఓవెన్‌లో కాలుస్తారు. మనం చేయబోయేదాన్ని కాల్చనక్కరలేదు, ఉడికించనక్కరలేదు. గడ్డకట్టిస్తే చాలు. అమ్మ వంటింట్లో పొయ్యి ముట్టుకోకుండా మీరు చేయగల వంట ఇది. పైగా మీ తొమ్మిది, పది తరగతుల సైన్సు పుస్తకంలోని సగం పాఠాలు ఇందులోనే ఉన్నాయి.

ఒకరోజు క్లాసులో ఘనీభవన స్థానం గురించి చెబుతూ ఈ పై సంగతి ఎత్తాను. పిల్లలందరూ నోరూరించుకుంటూ విన్నారు. చివరి వరుసలోంచి ఒక అమ్మాయి లేచి, “మాస్టారూ, మరి మా ఇంట్లో ఫ్రిజ్ లేదు కదండీ, మేమెలా చేసుకోవాలి?” అంది. “ఫ్రిజ్ ఎందుకమ్మా, ఐసూ ఉప్పూ ఉంటే చాలు. ఫిబ్రవరి 28న సైన్సు దినోత్సవం నాడు బడిలోనే చేసి చూపిస్తాను” అని గొప్పగా అనేశాను. అనడం తేలికే. ఆ తరువాత ఏం జరిగిందో వరసలో చెబుతాను. ముందు అసలు వంట సంగతి చూద్దాం.

మన నిమ్మకాయే వాళ్ల నిమ్మకాయ

అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రం దక్షిణపు కొసన సముద్రంలోకి చొచ్చుకొని ఒక చిన్న దీవుల వరుస ఉంది. ఆ దీవులను ‘కీ’లు అంటారు. ఇది తాళంచెవి కాదు. చిన్న దీవిని స్పానిష్ భాషలో ‘కాయో’ అంటారు, ఆ మాటే అలా మారింది. ఆ దీవుల్లో పెరిగే చిన్న పుల్లటి నిమ్మకాయలతో చేసేది ‘కీ లైమ్ పై’. 2006లో ఫ్లోరిడా దీన్ని తమ రాష్ట్రపు అధికారిక పైగా ప్రకటించుకుంది. మన రాష్ట్రాలకు పక్షీ పువ్వూ ఉన్నట్టే వాళ్లకు పిండివంట కూడా ఉందన్నమాట.

ఇందులో మనకు ఆసక్తి కలిగించే సంగతి ఒకటుంది. ఆ ‘కీ లైమ్’ మరేదో కాదు. గూడూరు, తెనాలి మార్కెట్లలో బస్తాలకు బస్తాలు దిగే మన పల్చని తొక్క నిమ్మకాయ జాతే. ఈ జాతి పుట్టిల్లు ఆసియా ఖండపు మన దిక్కే. అరబ్బు వర్తకులు దీన్ని పడమటికి తీసుకుపోయారు. తరువాత స్పెయిన్‌వారు ఓడల్లో అట్లాంటిక్ దాటించారు. 1926లో వచ్చిన పెనుతుఫాను ఫ్లోరిడాలోని ఈ తోటలను చాలావరకు పాడుచేసింది. అప్పటి నుంచి అక్కడి రైతులు పెద్దసైజు, గింజలు లేని మరో రకం వైపు మళ్లారు. అంటే అసలైన కీ లైమ్ ఇప్పుడు వాళ్లకంటే మన వంటింటి బుట్టలోనే సులువుగా దొరుకుతుంది.

మరి ఆ దీవుల్లో ఈ వంట ఎందుకు పుట్టింది? అక్కడ పశువులు తక్కువ, తాజా పాలు అరుదు. 1912 దాకా ఆ కొసకు రైలు కూడా లేదు. ఐసు దొరకడమూ కష్టమే. పాలు నిలవ ఉండే మార్గం ఒకటే, డబ్బా పాలు. 1856లో గెయిల్ బోర్డెన్ అనే అమెరికన్ పాలను శూన్యపాత్రలో తక్కువ ఉష్ణోగ్రత దగ్గర మరిగించి చిక్కబరిచే పద్ధతికి పేటెంటు పొందాడు. గాలి పీడనం తగ్గిస్తే ద్రవం తక్కువ వేడికే మరుగుతుందని మీరు చదివారు కదా. కొండ మీద అన్నం ఉడకడానికి ఆలస్యమయ్యేది కూడా అందుకే. బోర్డెన్ ఆ సూత్రాన్ని పాలు మాడకుండా ఉండటానికి వాడుకున్నాడు. పంచదార కలిపి చిక్కబరిచిన పాలు డబ్బాలో నెలల తరబడి చెడవు. కారణం పంచదారే. అంత చిక్కటి పాకంలో పడిన సూక్ష్మజీవి లోపలి నీరు ద్రవాభిసరణం వల్ల బయటికి లాగబడుతుంది. మన ఊరగాయలో ఉప్పు చేసే పనే ఇక్కడ పంచదార చేస్తుంది.

కరెంటు ఫ్రిజ్‌లు రాకముందు అమెరికా ఇళ్లల్లో చెక్కబీరువాలాంటి ఐసుపెట్టెలు ఉండేవి. పై అరలో ఐసు దిమ్మ, కింది అరల్లో పాలూ పళ్లూ. ఆ పెట్టెలో పెట్టి గట్టిపరిచే పైలకు ‘ఐస్‌బాక్స్ పై’ అని పేరు వచ్చింది. ఆ దేశపు చెరువుల ఐసు మన దాకా కూడా వచ్చింది తెలుసా? 1833లో ఫ్రెడరిక్ ట్యూడర్ అనే వ్యాపారి బోస్టన్ నుంచి ఓడలో కలకత్తాకు ఐసు పంపాడు. నాలుగు నెలల ప్రయాణంలో చాలా కరిగిపోయినా, నూరు టన్నుల వరకూ చేరింది. రంపపు పొట్టు చేసిన మహిమ అది. 1842లో మద్రాసు సముద్రపు ఒడ్డున ఐసు నిలవకోసం కట్టిన ‘ఐస్ హౌస్’ ఈనాటికీ ఉంది. 1897లో వివేకానందుడు బస చేసింది ఆ భవనంలోనే.

సరే, చేతులు కడుక్కొని రండి.

ముందు పునాది

కావలసినవి: మేరీ బిస్కెట్లు 200 గ్రాములు, వెన్న 100 గ్రాములు, పంచదార రెండు చెంచాలు. తీపి డబ్బాపాలు 400 గ్రాములు. నిమ్మరసం 120 మిల్లీలీటర్లు. రసం బాగా ఉన్న కాయలైతే ఏడెనిమిది సరిపోతాయి. గుడ్డలో మూటకట్టి నీరంతా వార్చిన గట్టి పెరుగు 200 గ్రాములు. ఇరవై సెంటీమీటర్ల వెడల్పున్న, అంచున్న స్టీలు పళ్లెం ఒకటి.

పాత పద్ధతిలో కోడిగుడ్డు పచ్చసొన కూడా వేసేవారు. మనం వేయం. కాల్చని వంటలో పచ్చిగుడ్డు వేస్తే, దానిలో సాల్మొనెల్లా అనే బాక్టీరియా ఉంటే అది అలాగే మన కడుపులోకి పోతుంది. గడ్డకట్టిస్తే అది చావదు. ఆ సంగతి ముందు ముందు మళ్లీ వస్తుంది.

బిస్కెట్లను రోట్లోనో, గుడ్డ సంచిలో వేసి అప్పడాల కర్రతోనో పొడి చేయండి. మరీ పిండిలా కాకుండా, బొంబాయి రవ్వలా ఉండాలి. వెన్నను ఒక స్టీలు గిన్నెలో వేసి ఎండలో పెట్టండి. వెన్నలోని కొవ్వు 32 నుంచి 35 డిగ్రీల మధ్య పూర్తిగా కరుగుతుంది కాబట్టి, మన ఎండకు పొయ్యి అక్కరలేదు. వానాకాలమైతే గిన్నెను వేడినీళ్లలో ఉంచండి.

కరిగిన వెన్నను, పంచదారను పొడిలో కలిపి పిసకండి. చలిమిడిలా ముద్ద కట్టదు. గుప్పిట్లో నొక్కితే నిలవాలి, వేలితో తోస్తే విడిపోవాలి. దాన్ని పళ్లెం అడుగునా అంచులకూ గ్లాసు అడుగుతో గట్టిగా అదిమి, అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి.

ఇప్పుడు ఆలోచించండి. పొడి పొడిగా ఉన్నది అరగంటలో పలకలా ఎలా గట్టిపడింది? ద్రవంగా ఉన్న వెన్న, వత్తి నూనెను పీల్చినట్టు, కేశనాళికల పద్ధతిలో ప్రతి రేణువు సందులోకీ పాకింది. చల్లబడగానే కొవ్వు అణువులు వరుసకట్టి స్ఫటికాలయ్యాయి. ఇటుకల మధ్య సిమెంటు గట్టిపడ్డట్టే ఇదీ. తేడా ఒకటే. సిమెంటు నీటితో రసాయన చర్య జరిపి గట్టిపడుతుంది, మళ్లీ వెనక్కి రాదు. ఇది భౌతిక మార్పు. మన నోటి వేడి 37 డిగ్రీలు గనక నాలుక మీద పెట్టగానే సిమెంటు కరిగిపోతుంది, కట్టడం కూలుతుంది. వెన్నకు బదులు వంటనూనె పోస్తే ఏమవుతుందో మీరే చెప్పండి. ఫ్రిజ్ చల్లదనంలోనూ నూనె ద్రవంగానే ఉంటుంది. పునాది ఇసుకలా రాలిపోతుంది.

ఇంకో లాభం కూడా ఉంది. కొవ్వు పూసిన రేణువుల్లోకి పై ముద్దలోని తడి సులువుగా దిగదు. అందుకే బిస్కెట్టు మెత్తబడదు. టీలో ముంచిన మేరీ బిస్కెట్టు ఎంతసేపు నిలుస్తుందో మీకు నేను చెప్పాలా?

నిప్పు లేకుండా చిక్కబడే పాలు

ఈ వంటలో నాకు ఎక్కువ ఇష్టమైన ఘట్టం ఇది. ముందు చిన్న ప్రయోగం చేయండి. రెండు గాజుగ్లాసులు తీసుకోండి. ఒకదానిలో రెండు చెంచాల కాచిన వేడిపాలు, రెండోదానిలో రెండు చెంచాల డబ్బాపాలు. రెండింటిలోనూ ఒక్కో అరచెంచా నిమ్మరసం పిండి కలపండి. మొదటి గ్లాసులో పాలు విరిగి, తెల్లటి తునకలు ఒకపక్క, పల్చటి నీళ్లు ఒకపక్క అవుతాయి. రెండోదానిలో విరుగుడు కనబడదు. ముద్ద మీగడలా నున్నగా, చెంచా నిలబడేంత చిక్కగా మారుతుంది. ఒకే పాలు, ఒకే నిమ్మరసం. మరి ఈ తేడా ఎందుకు?

పాలలో కేసిన్ అనే ప్రొటీను కంటికి కనిపించని చిన్నచిన్న ఉండలుగా తేలుతూ ఉంటుంది. ప్రతి ఉండ మీదా ఋణావేశం ఉంటుంది. సజాతి ఆవేశాలు వికర్షించుకుంటాయి కదా, అందుకే ఉండలు ఒకదానికొకటి దూరంగా ఉంటాయి, పాలు పాలలాగా ఉంటాయి. నిమ్మరసంలోని సిట్రిక్ ఆమ్లం హైడ్రోజన్ అయాన్లను ఇస్తుంది. వాటిది ధనావేశం. అవి ఉండల మీది ఋణావేశాన్ని రద్దు చేస్తాయి. పి.హెచ్. విలువ 4.6 దగ్గరకు దిగేసరికి వికర్షణ పూర్తిగా పోయి ఉండలు ఒకదానికొకటి అంటుకుంటాయి.

వేడిపాలలో ఉండలు చురుగ్గా పరిగెడుతూ గుద్దుకుంటాయి, గట్టిగా ముడుచుకొని నీళ్లను బయటకు నెట్టేస్తాయి. అదే పనీరు. డబ్బాపాలలో నీరు పావువంతే. మిగిలినదంతా పంచదార, కొవ్వు, ప్రొటీను. ఆ జిగట పాకంలో ఉండలు పరిగెత్తలేవు. ఉన్నచోటనే చేతులు కలిపి వలలా అల్లుకుంటాయి. ఆ వల కన్నుల్లో నీరూ పంచదారా చిక్కుకుపోతాయి. అందుకే విరగదు, బిగుస్తుంది. ఫ్లోరిడా దీవులవాసులకు కేసిన్ పేరు తెలియదు. కానీ డబ్బాపాలలో నిమ్మకాయ పిండితే పొయ్యి వెలిగించే పని లేదని చేతితో కనిపెట్టారు.

కాబట్టి ఇప్పుడు డబ్బాపాలు ఒక స్టీలు లేదా గాజు గిన్నెలోకి వంపండి. అల్యూమినియం గిన్నె, కళాయి లేని ఇత్తడి గిన్నె మాత్రం వాడొద్దు. నిమ్మరసంలోని ఆమ్లం వాటిని కొరికి లోహాన్ని వంటలో కలుపుతుంది. నిమ్మరసాన్ని వడకట్టి కొద్దికొద్దిగా పోస్తూ కలపండి. రెండు కాయల పచ్చతొక్కను సన్నగా గీరి వేయండి. కమ్మటి వాసననిచ్చే నూనె ఆ ఆకుపచ్చ పొరలోనే ఉంటుంది. కింది తెల్లటి పొర చేదు, దాని జోలికి పోకండి. చివరగా గట్టి పెరుగు వేసి నున్నగా గిలక్కొట్టండి.

పెరుగుకు బదులు క్రీము వేయవచ్చునా అని కొందరు అడుగుతారు. వేయవచ్చు. చల్లటి క్రీమును గిలకొడితే గాలి బుడగలు చేరి పై దూదిలా తేలిగ్గా వస్తుంది. కానీ బుడగల చుట్టూ గోడ కట్టేది కొవ్వు. అందుకు క్రీములో కనీసం 30 శాతం కొవ్వు ఉండాలి. బజారులో మామూలుగా దొరికే పొట్లాల్లో 25 శాతమే ఉంటుంది. ఎంత గిలకొట్టినా చేయి నొప్పి తప్ప ఏమీ రాదు. కొనేముందు పొట్లం మీది అంకెలు చదవండి.

ఈ ముద్దను రుచి చూస్తే అతి తీపిగా అనిపిస్తుంది. కంగారు పడకండి. చలిలో నాలుకకు తీపి సరిగా తెలియదు. కరిగిన ఐస్‌క్రీము వెగటుగా తియ్యగా ఉండేది అందుకే.

నీళ్లు ఎన్ని డిగ్రీల దగ్గర గడ్డకడతాయి?

“సున్నా” అని అందరూ ఒక్కసారి అరుస్తారు. మంచినీళ్లకైతే నిజమే. మన ముద్దకు కాదు. నీటిలో ఏది కరిగినా ఘనీభవన స్థానం దిగుతుంది. ఒక కిలో నీటిలో ఒక మోల్ పదార్థం కరిగితే 1.86 డిగ్రీలు దిగుతుందని లెక్క. ఇది వేసి చూద్దాం. మన డబ్బాపాలలోని పంచదార, పాలలో సహజంగా ఉండే లాక్టోజు కలిపి సుమారు 220 గ్రాములు. విచిత్రంగా ఈ రెండింటికీ ఫార్ములా ఒకటే, మోల్ బరువు ఒకటే, 342. కాబట్టి 220ని 342తో భాగిస్తే 0.64 మోల్. డబ్బాపాలు, నిమ్మరసం, పెరుగు మూడింటిలోనూ ఉన్న నీరు మొత్తం సుమారు 350 గ్రాములు. కిలోకు 1.84 మోల్ పడింది. 1.86తో గుణిస్తే దాదాపు మూడున్నర. అంటే మన పై మైనస్ మూడున్నర డిగ్రీల దాకా గడ్డకట్టడం మొదలే పెట్టదు. ఆమ్లమూ లవణాలూ మరికొంచెం కిందికి లాగుతాయి.

మొదలుపెట్టాక కూడా ఒక్కసారిగా గడ్డకట్టదు. ముందు గడ్డకట్టేది శుద్ధమైన నీరే. మంచు స్ఫటికం తన వరుసలోకి పంచదార అణువును రానివ్వదు. నీరు మంచుగా మారినకొద్దీ మిగిలిన ద్రవం చిక్కటి పాకమవుతుంది, దాని ఘనీభవన స్థానం ఇంకా దిగుతుంది. ఫ్రీజర్ మైనస్ 18 డిగ్రీల్లో ఉన్నా కొంత పాకం ద్రవంగానే మిగులుతుంది. ఆ మిగిలిన పాకమే పైని చాకుతో కోయనిస్తుంది. లేకపోతే సుత్తి కావలసి వచ్చేది.

పుల్ల ఐసు తిన్నారు కదా? గట్టిగా పీల్చితే రంగూ తీపీ నోట్లోకి వచ్చి, పుల్లకు తెల్లటి సప్పటి మంచు మిగులుతుంది. మీరు పీల్చింది స్ఫటికాల మధ్య చిక్కుకున్న పాకాన్ని. మిగిలింది శుద్ధమైన మంచు.

ముద్దను పునాది మీద పరిచి, మూత పెట్టి, ఫ్రీజర్‌లో బాగా చల్లగా ఉండే వెనుకవైపు ఆరు నుంచి ఎనిమిది గంటలు ఉంచండి. తలుపు మాటిమాటికీ తెరిచి చూడొద్దు. ఎందుకో చెబుతాను. త్వరగా చల్లబడితే ఒకేసారి లక్షల స్ఫటికాలు పుడతాయి, నీరంతా వాటి మధ్య పంచుకోబడి అన్నీ చిన్నవిగా ఉంటాయి. నాలుకకు నున్నగా తగులుతుంది. నెమ్మదిగా చల్లబడితే కొన్నే పుట్టి, అవే పెరిగి పెద్దవవుతాయి. మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు దాటితే నాలుక వాటిని ఇసుకలా పసిగడుతుంది. 1910ల్లో క్లారెన్స్ బర్డ్స్‌ఐ అనే అమెరికన్ ఇప్పటి కెనడా తూర్పు కొసనున్న లాబ్రడార్‌లో ఉండగా, అక్కడి ఇన్యూట్ జాతివారు పట్టిన చేపలు ఆ చలిగాలికి క్షణాల్లో గడ్డకట్టడం, నెలల తరువాత వండినా తాజాగా ఉండటం గమనించాడు. ఈనాటి శీతలీకరణ ఆహార పరిశ్రమకు మూలం ఆ పరిశీలనే.

కరెంటు పోయిందనుకోండి. చిన్న స్ఫటికాలు ముందు కరుగుతాయి. కరెంటు రాగానే ఆ నీరు, మిగిలి ఉన్న పెద్ద స్ఫటికాల మీద పేరుకుంటుంది. అలా నాలుగుసార్లు జరిగితే పై కాస్తా ఉప్పురాయిలా గరగరలాడుతుంది. గరగర ఒక్కటే అయితే సర్దుకోవచ్చు. పూర్తిగా కరిగి గది వేడికి వచ్చి గంటలు గడిచినదాన్ని మళ్లీ గడ్డకట్టించి తినకూడదు. చలి బాక్టీరియాను నిద్రపుచ్చుతుందే గాని చంపదు. కరిగినప్పుడు అవి లేచి పెరుగుతాయి, మళ్లీ గడ్డకట్టినప్పుడు పెరిగినవన్నీ లోపలే ఉంటాయి. ఒకసారి మా ఇంట్లోనే రాత్రంతా కరెంటు లేక కరిగిపోయిన ఐస్‌క్రీమును, పారబోయడానికి మనసొప్పక, నేనే మళ్లీ ఫ్రీజర్‌లో పెట్టాను. మరుసటిరోజు అది తిన్న ముగ్గురం రెండు రోజులు మంచం దిగలేదు. సైన్సు మాస్టారి ఇల్లు!

ఫ్రిజ్ లేని ఇల్లు

ఇక ఆ అమ్మాయికిచ్చిన మాట. ఫిబ్రవరి 27 సాయంత్రం, రిహార్సలు అనుకోండి, పిల్లలు పది మంది పోగయ్యారు. సగం కొలతలు తీసుకున్నాం. బిస్కెట్ల పొట్లం ఆ అమ్మాయే కొనుక్కొచ్చింది. క్యారేజీ గిన్నె అడుగున పునాది వేసి, ముద్ద నింపి, మూత పెట్టాం. బక్కెట్టుకు గోనెసంచి చుట్టి, చేపల బండివాడి దగ్గర తెచ్చిన ఐసు దంచి, మూడు పాళ్ల ఐసుకు ఒక పాలు రాళ్ల ఉప్పు చొప్పున పొరలు పొరలుగా వేశాం.

ఉప్పు ఐసును ఎలా చల్లబరుస్తుంది? ఉప్పు కలిసిన నీటి ఘనీభవన స్థానం సున్నాకు చాలా కిందకు దిగుతుంది గనక, సున్నా దగ్గర ఉన్న ఐసు ఉప్పు తగలగానే కరగక తప్పదు. ఒక గ్రాము ఐసు కరగడానికి 80 కేలరీల ఉష్ణం కావాలి. ఆ గుప్తోష్ణాన్ని అది పక్కనున్న ఉప్పునీటి నుంచీ, మన గిన్నె నుంచీ లాక్కుంటుంది. సరైన పాళ్లలో కలిపితే మైనస్ 21 డిగ్రీల దాకా దిగవచ్చు. మా లేబొరేటరీ థర్మామీటరు చివరి గీత మైనస్ 10. పాదరసం ఆ గీత కూడా దాటి కిందికి దిగేసరికి పిల్లలు కేకలు వేశారు. ఆ ఐసును ఉత్తచేత్తో పట్టుకోవద్దు. చర్మం మొద్దుబారి, గడ్డకట్టి పుండు పడుతుంది. గుడ్డో గరిటో వాడండి.

మూడు గంటల తరువాత గిన్నె తీశాం. మూత తెరిస్తే, ముద్ద మీద నీళ్లు. వేలితో అద్ది చూస్తే ఉప్పు. ఐసు కరిగేకొద్దీ గిన్నె ఒరిగి, మూత సందులోంచి ఉప్పునీరు లోపలికి పోయింది. ఎందుకు ఒరిగింది? చిక్కటి ఉప్పునీటి సాంద్రత 1.15 దాకా ఉంటుంది. పైన ఖాళీ ఉన్న మా గిన్నె సాంద్రత ఒకటి కన్నా తక్కువ. తేలింది, అంతే. ముందువారమే ఆర్కిమెడీసు సూత్రం చెప్పినవాణ్ణి నేనే.

“పైపొర గీకేసి తిందాం మాస్టారూ” అన్నారు పిల్లలు. ఒప్పుకోలేదు. చేపలకు వాడే ఐసు తాగే నీటితో చేసింది కాదు. గిన్నె బయట ఉన్నంతసేపు ఫరవాలేదు, లోపలికి ఒక్క చుక్క పోయినా తినే ప్రశ్న లేదు. గోతిలో పారబోశాం. ఆ అమ్మాయి ఏమీ అనలేదు. తన బిస్కెట్లు పోయాయని కళ్లనిండా నీళ్లు పెట్టుకుంది. నేను చెప్పగలిగింది, “తప్పు నాదమ్మా, రేపటి బిస్కెట్లు నావి” అని మాత్రమే.

రాత్రి ఇంటిదగ్గర కూర్చుని లెక్క వేశాను. ఆ సగం కొలత ముద్ద సుమారు 360 గ్రాములు. దాన్ని 30 డిగ్రీల నుంచి మైనస్ 10కి దింపడానికి పదివేల కేలరీలు, అందులోని నీరు నూరు గ్రాములు గడ్డకట్టడానికి మరో ఎనిమిది వేలు తీసెయ్యాలి. 18 వేలను 80తో భాగిస్తే పావుకిలో ఐసు కూడా కాదు! మేము వాడింది ఎనిమిది కిలోలు. మిగతాదంతా బయటి గాలినుంచి వచ్చిన వేడి తినేసింది. కాబట్టి కావలసింది ఎక్కువ ఐసు కాదు, మంచి దుప్పటి.

మరునాడు పెద్ద బక్కెట్టులో చిన్న బక్కెట్టు పెట్టి, నడుమ రంపపు పొట్టు కూరాం. మూత చుట్టూ పాత సైకిల్ ట్యూబు ముక్కను తిరగలి పట్టాలా బిగించాం. నీళ్ల తొట్టిలో ముంచి బుడగలు రావడం లేదని చూసుకున్నాం. ఆ ఉపాయం ఆ అమ్మాయిదే. వాళ్ల నాన్నకు సైకిల్ పంక్చర్ల దుకాణం ఉంది. మూత మీద ఒక ఇటుక పెట్టాం, తేలకుండా. ఐసు నాలుగు కిలోలే పట్టింది. నడుమ ఒకసారి కరిగిన ఉప్పునీరు కొంత వంపేసి, కొత్త ఐసూ ఉప్పూ వేశాం.

మూడు గంటల తరువాత గిన్నెను మంచినీళ్లతో బాగా కడిగి, తుడిచి, అప్పుడు ట్యూబు విప్పాం. లోపల ముద్ద గట్టిగా, తెల్లగా, మీద సన్నటి ఆకుపచ్చ చుక్కలతో ఉంది. గిన్నె అడుగును రెండు క్షణాలు గోరువెచ్చని నీటిలో ఉంచితే అంచు వెన్న కరిగి వదిలింది. చాకును వేడినీళ్లలో ముంచి, తుడిచి, కోశాం. ప్రతి కోతకూ ముందు మళ్లీ ముంచాలి. వేడి లోహం తగిలినచోట మంచు కరిగి చాకుకు దారి ఇస్తుంది. పది నిమిషాలు బయట ఉంచి కోస్తే ఇంకా సులువు.

క్యారేజీ గిన్నెలో చేసిన పై ఎంతమందికి వస్తుంది? ముప్ఫై నాలుగు ముక్కలు చేశాం. ఒక్కో ముక్క ఉసిరికాయంత. మొదటి ముక్క ఎవరికిచ్చామో మీరు ఊహించగలరు. తన పళ్లెంలో కరిగి కారిన తొలి చుక్కను ఆ అమ్మాయి నాకి, “మాస్టారూ, ఇది ముక్క కన్నా తియ్యగా ఉందేమిటండీ?” అంది. పుల్ల ఐసు సంగతి గుర్తు చేసుకుంటే మీకు జవాబు దొరుకుతుంది. మీరూ చేసినప్పుడు ఒక ముక్కను వడపోత గుడ్డ మీద పెట్టి, మొదట కారిన చెంచాడు ఒక గిన్నెలోనూ, చివర కారినది మరో గిన్నెలోనూ పట్టి రుచి చూడండి.